అందరికీ తలంటు పోసే ఆవిడకి ఎవరు పోస్తారు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 44 ఏళ్లు. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్, వారంలో నాలుగు రోజులు క్యాంపులే. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండేళ్ల కిందట అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట, కుడి చెయ్యి బాగానే ఉన్నాయి. లేపడం, స్నానం, మందులు అన్నీ నేనే. ఆడపడుచు సంసారంలో గొడవలు, ఆ ఫోన్లూ నాకే వస్తాయి. ఏడాదిగా మెడ నుంచి భుజాల దాకా పట్టేసి రాయిలా ఉంటోంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు నొప్పి. పొద్దున్న లేచేసరికి దవడలు పీకుతుంటాయి. ఎక్స్‌రే తీశారు, థైరాయిడ్, షుగర్ చూశారు. అంతా బాగుంది, స్ట్రెస్ తగ్గించుకోమన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ మసాజ్ చేయించుకోమంది. ఇంట్లో ఆ మాటంటే అత్తయ్యగారు "మసాజులా! మా రోజుల్లో మాకెవరు పట్టారమ్మా ఒళ్లు?" అన్నారు. మావారేమో "రిపోర్టులన్నీ నార్మల్ అయితే ఇక నొప్పెక్కడిది?" అంటారు. మనసులో బరువుకి మెడ పట్టేస్తుందా? పట్టేస్తే, ఒళ్లు పట్టించుకుంటే తగ్గుతుందా?

– ఒక టీచరు, తెనాలి

సమాధానం: అమ్మా, ముందు మీవారి మాట సంగతి చూద్దాం. మెడనొప్పి కంటే ఆ మాటే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టినట్టు మీ ఉత్తరం చదివితే నాకనిపించింది. ఎక్స్‌రేలో పడేది ఎముక. బిగుసుకుపోయిన కండరం అందులో కనబడదు, రక్తపరీక్షలోనూ తేలదు. రిపోర్టు నార్మల్ అంటే వెతికిన జబ్బులు దొరకలేదని అర్థం. నొప్పి లేదని ఏ రిపోర్టూ చెప్పదు. ఇరవై రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఈ చేతులతో ఎన్ని మెడలు పట్టి చూశానో లెక్క లేదు. మీ నొప్పి నిజం.

మా క్లినిక్‌కి మెడనొప్పితో వచ్చినవాళ్లకి నేను మొదట చేసే పని ఒకటుంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆవిడ చేతిని మోచెయ్యి దగ్గరా మణికట్టు దగ్గరా పట్టుకుని కాస్త పైకెత్తుతాను. "చెయ్యి నాకొదిలెయ్యండి, బరువంతా నా మీద పెట్టెయ్యండి" అంటాను. "వదిలేశానండీ" అంటారు. నేను మెల్లిగా నా చేతులు తీసేస్తాను. ఆ చెయ్యి పడదు. గాల్లో అలాగే నిలబడి ఉంటుంది. ఒకసారి బ్యాంకులో పనిచేసే ఒకావిడ తల తిప్పి, గాల్లో ఉన్న తన చేతిని తనే చూసుకుంది. "ఇదేంటి మేడమ్, నేను వదిలేశాననే అనుకుంటున్నాను" అంది. నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లని చూసుకుంటున్న మనిషి. తన చేతి బరువైనా ఇంకొకరికి అప్పగించడం ఆవిడ ఒళ్లు మర్చిపోయింది.

ఈ పరీక్ష మీ అమ్మాయి చేత మీరూ చేయించుకోండి. ఫలితం నాకిప్పుడే తెలుసు. మీవారు ఇంట్లో ఉన్న రోజు ఆయన్ని కూడా ఒకసారి మీ వెనక నిలబడి, మీ భుజం మీద బొటనవేలు నొక్కి, తర్వాత తన భుజం నొక్కి చూసుకోమనండి. వాదన అక్కర్లేదు, వేలికే తెలుస్తుంది.

ఇక మనసు బరువుకి మెడ ఎందుకు పడుతుందంటే: భయం వేసినా, కోపం దిగమింగినా, ఎవరో ఏదో అంటారని ముందే కాచుకుని ఉన్నా, ఒంటికి తెలిసిన పద్ధతి ఒకటే. భుజాలు చెవుల వైపు లేస్తాయి, పళ్లు కరుచుకుంటాయి, ఊపిరి పొట్ట దాకా దిగకుండా గుండెల పైనే ఆగిపోతుంది. కుక్క వెంటపడినప్పుడు ఇది మంచిదే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. మీ రోజులో ఆ రెండు నిమిషాలు ముగియవు. అత్తయ్యగారి బీపీ మాత్రలు ఎల్లుండికి అయిపోతాయి, అబ్బాయి నిన్న రాత్రి సరిగా తినలేదు, ఆడపడుచు ఫోన్ ఎత్తితే అరగంట, ఎత్తకపోతే నింద, క్లాసులో నలభై మంది పిల్లల ముందు మొహం చిట్లించకూడదు. వీటిలో ఏదీ ఒంటితో ఎత్తే బరువు కాదు. కానీ మెడ వెనక నుంచి భుజాల మీదుగా వీపు మధ్య దాకా పరుచుకున్న ట్రపీజియస్ అనే కండరానికి ఆ తేడా తెలియదు. మనిషిని కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి, గడియారం పెట్టి నోటిలెక్కలు చేయిస్తే చాలు, ఆ కండరంలో విద్యుత్ చలనం పెరగడం పరికరాల మీద కనబడుతుంది. చెయ్యి కదపకుండానే భుజం పని చేస్తోందన్నమాట.

స్వీడన్ పరిశోధకుడు హెగ్ 1991లో దీనికొక వివరణ ఇచ్చాడు. కండరంలో పోగులన్నీ ఒకేసారి పనిచెయ్యవు. కొన్ని చిన్న పోగులు అందరికంటే ముందు పనిలోకి దిగి, అందరికంటే చివర విశ్రాంతి తీసుకుంటాయట. బరువు చిన్నదే అయినా రోజంతా వాటికి విడుపు ఉండదు కాబట్టి అవే దెబ్బతింటాయని ఆయన ఊహ. పాత కథలో సవతి తల్లి ఇంట్లో చాకిరీ చేసే పిల్ల పేరు మీద వాటిని సిండ్రెల్లా పోగులన్నారు. కాలేజీలో ఈ పాఠం చదివినప్పుడు నాకు మా అమ్మే గుర్తొచ్చింది. అందరికంటే ముందు లేచేదీ, పొయ్యి కడిగి అందరికంటే చివర పడుకునేదీ ఆవిడే కదా.

మనసు అదుపులో పెట్టుకుని మొహాన నవ్వు నిలపడం కూడా పనేనని 1983లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ గట్టిగా చెప్పింది. ఆవిడ చూసింది విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లని. వాళ్లకి దానికి జీతమైనా ఉంది. మన దగ్గర 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. అది చేతుల పని లెక్క. ఉప్పు ఎప్పుడు నిండుకుంటుందో, ఎవరి మనసు ఎక్కడ నొచ్చుకుందో గుర్తుపెట్టుకునే పనికి ఆ లెక్కల్లో నిమిషాలు లేవు. మీ మెడ దగ్గర మాత్రం అన్నీ ఉన్నాయి.

మీ నొప్పంతా మనసుదేనని మాత్రం నేననను. మంచం మీద మనిషిని రోజూ లేపి కూర్చోబెడుతున్నారు, బోర్డు మీద చెయ్యెత్తి రాస్తున్నారు, తల వంచి నోటుబుక్కులు దిద్దుతున్నారు. 44 ఏళ్లంటే చత్వారం మొదలయ్యే వయసు కూడా. మధ్యాహ్నం మూడింటికి తలనొప్పి అన్నారు కాబట్టి ఈ వారంలోనే కళ్లు చూపించుకోండి. అలాగే హిమోగ్లోబిన్, బి12 చేయించారో లేదో రాయలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం తక్కువైతే తలనొప్పి, నీరసం ఎలాగూ వస్తాయి, ఎంత మర్దన చేసినా తీరవు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. తగ్గుతుంది. ఎంతవరకు తగ్గుతుందన్నది మాత్రం దాచకుండా చెప్పాలి.

మర్దనతో ఒంట్లో విషాలు బయటికి పోతాయని పార్లర్ బోర్డుల మీద రాస్తారు. అది నిజం కాదు, ఆ పని చెయ్యడానికి లివరూ మూత్రపిండాలూ ఉన్నాయి. స్ట్రెస్ హార్మోను కార్టిసాల్ అమాంతం పడిపోతుందన్న మాట కూడా చాలాకాలం ప్రచారంలో ఉండింది. తర్వాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆ తగ్గుదల చాలా స్వల్పమని తేలింది. కానీ ఆందోళన తగ్గడం, మెడనొప్పి కొన్నాళ్లపాటు తగ్గడం, నిద్ర మెరుగుపడటం, వీటికి ఆధారం ఉంది. మా చేతుల కింద రోజూ చూస్తున్నదీ ఇదే.

పని చేసేది రెండు దారుల్లో. ఒకటి ఒత్తిడి. గట్టిపడ్డ చోట బొటనవేలు పెట్టి ఇరవై, ముప్పై సెకన్లు నిలకడగా నొక్కి ఉంచితే కాసేపటికి ఆ రాయి కింద మెత్తదనం వస్తుంది, కొన్నిసార్లు అక్కణ్నుంచి కణత దాకా నొప్పి పాకి ఆగిపోతుంది. రెండోది స్పర్శ. రోమాలున్న చర్మంలో సన్నటి నరాలు కొన్నున్నాయి. నెమ్మదైన, వెచ్చటి చేతి నిమురుకే అవి బాగా పలుకుతాయి. సెకనుకి మూడు సెంటీమీటర్ల దగ్గర వాటికి ఎక్కువ ఇష్టమట. అంటే మోచేతి నుంచి మణికట్టు దాకా రావడానికి ఏడెనిమిది సెకన్లు. ఇప్పుడే మీ చేతి మీద లెక్కపెట్టుకుంటూ రాసుకుని చూడండి, ఎంత నెమ్మదో తెలుస్తుంది. పసిబిడ్డని నిద్రపుచ్చేటప్పుడు ఏ తల్లికీ ఎవరూ నేర్పకుండా వచ్చే వేగం అది. ఆ వేగంలో ఎవరైనా మన ఒంటి మీద చెయ్యి వేస్తే, కాపలా దిగొచ్చన్న కబురు లోపలికి వెళ్తుంది. ఊపిరి తనంతట తానే పొట్టలోకి దిగుతుంది. బల్ల మీద పడుకున్నవాళ్లకి ఒక్కోసారి కారణం లేకుండా ఏడుపొస్తుంది. వస్తే ఆపుకోకండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అయితే ఒక్కసారి చేయించుకుంటే చాలదు. అమెరికాలోని సియాటిల్‌లో దీర్ఘకాలం మెడనొప్పి ఉన్న 228 మంది మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. నాలుగు వారాలపాటు, వారానికి రెండు మూడు సార్లు, గంట చొప్పున మర్దన చేయించుకున్నవాళ్లకి బాగా తగ్గింది. అరగంట చొప్పున చేయించుకున్నవాళ్లకి, ఏమీ చేయించుకోనివాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది చదివి మీరు ఏమనుకుంటారో నాకు తెలుసు. వారానికి రెండు గంటలు నాకెక్కడివి, అని.

అక్కడే ఆగండి అమ్మా. నేను మీకు గట్టిగా చెప్పదలుచుకున్నది ఆ గంట గురించే. ఆ గంట మీకు దొరకాలంటే అత్తయ్యగారి దగ్గర ఎవరో కూర్చోవాలి. ఆడపడుచు ఫోన్ ఎవరో ఎత్తాలి. అబ్బాయి తన టిఫిన్ తను పెట్టుకోవాలి. మీరు బల్ల మీద పడుకుని కూడా చేతిలో ఫోన్ పట్టుకుని ఉంటే, ఎంత మంచి చెయ్యి పడినా మీ భుజం దిగదు. నా దగ్గరకొచ్చేవాళ్లలో ఫోన్ బయట కూతురి చేతికిచ్చి లోపలికొచ్చినవాళ్లకి నాలుగో వారానికి మెడ తిరుగుతుంది. తలగడ కింద పెట్టుకున్నవాళ్లు నెలల తరబడి వస్తూనే ఉంటారు. మర్దన సగం మందు అయితే, ఆ గంటసేపు మీ కాపలా ఇంకొకరు కాయడం మిగతా సగం.

ఎక్కడ చేయించుకోవాలంటే, మొదట ఫిజియోథెరపిస్టు దగ్గరకి వెళ్లండి. నొప్పి ఎక్కణ్నుంచి పుడుతోందో చూసి, మర్దనతోపాటు వ్యాయామాలు చెప్తారు. ఆ వ్యాయామాలు చెయ్యకపోతే తగ్గింది మళ్లీ వస్తుంది. ఆయుర్వేదం మీద గురి ఉంటే మీకు విజయవాడ దగ్గరే. నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రిలో అభ్యంగం, అంటే ఒంటికి నూనె మర్దన, గురించి అడగండి. హైదరాబాద్ వైపు చదువరులకి ఎర్రగడ్డలో బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. చేసేది ఆడవాళ్లేనా అని ముందే కనుక్కోండి. అడగడానికి మొహమాటపడొద్దు. పార్లర్‌కి వెళ్లినా తప్పులేదు గానీ మెడ విరిచి టకటకమనిపించే పని ఎవరు చేస్తామన్నా వద్దనండి. మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలున్నాయి, ఆ విరుపుకి అవి చీలిన సందర్భాలున్నాయి. తల కడిగేటప్పుడు బేసిన్ అంచుకి మెడ ఆనించి చాలాసేపు వెనక్కి వంచి ఉంచడమూ మంచిది కాదు. మెత్తటి టవల్ మడిచి పెట్టించుకోండి.

ఇంట్లో మీవారు చెయ్యగలిగింది కూడా ఉంది. "మగవాడు పెళ్లానికి ఒళ్లు పట్టడమేంటి" అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మీది అలాంటిదో కాదో నాకు తెలియదు. భుజాలతో మొదలుపెట్టించండి. మీరు కుర్చీలో తిరగేసి కూర్చుని, కుర్చీ వీపు మీద చేతులు మడిచి నుదురు ఆనించండి. ఆయన వెనక నిలబడి, గోరువెచ్చటి నువ్వులనూనె చేతులకి రాసుకుని, మెడ మొదట్నుంచి భుజం చివరదాకా అరచేత్తో నెమ్మదిగా దిగాలి. ఐదు నిమిషాలు అదే. తర్వాత భుజం మీది కండని వేళ్లతోనూ అరచేత్తోనూ పట్టి, పూరీపిండి పిసికినట్టు పిసకాలి. వెన్నెముక మీద నొక్కకూడదు, దానికి రెండు పక్కలా మాత్రమే. మెడ ముందువైపు అసలు ముట్టుకోకూడదు. "హమ్మయ్య" అనిపించే నొప్పి మంచిది, ఊపిరి బిగబట్టాల్సి వస్తే ఎక్కువైనట్టు. మొత్తం పదిహేను నిమిషాలు. దీంతో మెడ జబ్బు నయమైపోదు. కానీ ఒంటికి రోజూ ఒకసారి కాపలా దిగడం అలవాటవుతుంది.

ఒక విషయం కాస్త సున్నితమైనది, అయినా చెప్పాలి. చాలా ఇళ్లలో పెళ్లయిన పదేళ్లకి భార్య ఒంటి మీద భర్త చెయ్యి పడేది రాత్రి పడకలోనే. ఈ పదిహేను నిమిషాలు కూడా అటే దారితీస్తాయని తెలిస్తే, ఒళ్లు మళ్లీ కాచుకుని కూర్చుంటుంది. ఇది మర్దనకే, దీని తర్వాత లేచి ఎవరి పని వాళ్లు చూసుకుంటామని ముందే మాట్లాడుకోండి. ఇలా మాట్లాడుకున్న జంటలు తర్వాత నాకు చెప్పిన కబుర్లు మంచివే.

ఎవరూ లేని రోజుకి: అబ్బాయి టెన్నిస్ బంతి ఒకటి తీసుకోండి. గోడకి వీపు ఆనించి, బంతిని భుజానికీ వెన్నెముకకీ మధ్య ఇరికించి, మోకాళ్లు కొంచెం వంచుతూ లేస్తూ ఉండండి. నొప్పి తగిలిన చోట ఆగి నాలుగైదు ఊపిర్లు తీసుకోండి. దవడకైతే చెవితమ్మె ముందు, చెంప ఎముక కింద వేళ్లు పెట్టి ఒకసారి పళ్లు బిగించండి. ఉబికే ముద్దే మీ శత్రువు. నోరు కాస్త తెరిచి వదిలేసి, ఆ ముద్ద మీద నెమ్మదిగా సున్నాలు చుట్టండి, రెండేసి నిమిషాలు. పగటిపూట పెదాలు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు, నాలుక అంగిలికి ఆని ఉండాలి. తరగతి గది గడప దాటిన ప్రతిసారీ ఇది సరిచూసుకోండి, దవడలో తేడా తెలుస్తుంది. రాత్రి పడుకునే ముందు పాదాలకి నూనె. పాత ఆయుర్వేద గ్రంథం రాసిన వాగ్భటుడు అభ్యంగం రోజూ చేసుకోమంటూ తలకీ, చెవులకీ, పాదాలకీ ప్రత్యేకంగా రాయమన్నాడు. అజీర్ణంగా ఉన్నప్పుడు వద్దన్నాడు కూడా. నూనె పాదాలతో బాత్‌రూమ్‌లోకి మాత్రం వెళ్లకండి, తుడుచుకుని సాక్సులు తొడుక్కోండి.

మర్దన జోలికి పోకూడని సందర్భాలు కొన్నున్నాయి, ఇవి మీకే కాదు చదివేవాళ్లందరికీ. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉంటే ముట్టుకోవద్దు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్లాలి. ఎడమ భుజం, దవడ నొప్పికి చెమటలూ ఆయాసమూ తోడైతే, మెట్లెక్కితే పెరిగి ఆగితే తగ్గుతుంటే, అది గుండెది కావచ్చు. ఆడవాళ్లలో గుండెనొప్పి ఇలా దొంగదారిన రావడం మేం చూస్తూనే ఉంటాం, "గ్యాస్" అనుకుని భుజానికి బామ్ రాసుకుని కూర్చుంటారు. చేతిలో తిమ్మిరి, పట్టు తప్పడం, ఎన్నడూ లేనంత హఠాత్తుగా తలనొప్పి, ఇవి కనబడినా మర్దన వద్దు, వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్లాలి. జ్వరం, చర్మం మీద పుళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా చేయించుకోకూడదు. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు వేడినూనె వాడొద్దు, కాలినా తెలియదు. అత్తయ్యగారికి నూనె రాసేటప్పుడు ఆ ఎడమ పక్క కూడా ఇదే జాగ్రత్త.

ఆవిణ్ని లేపేటప్పుడు నడుము వంచి చంకల కింద చేతులు వేసి లాగుతున్నారా? చాలామంది అదే చేస్తారు. ముందు ఆవిణ్ని కుడి పక్కకి తిప్పి, కాళ్లు మంచం దిగువకి జార్చి, ఆవిడ కుడి చేత్తో పరుపుని నొక్కమనండి. మీరు మోకాళ్లు వంచి, దగ్గరగా నిలబడి ఊతమివ్వండి. సగం బరువు ఆవిడే ఎత్తుకుంటారు. ఫిజియోథెరపిస్టుని ఒకసారి ఇంటికి పిలిచి మీవారికీ అబ్బాయికీ కూడా ఇది నేర్పించండి. మీకొక్కరికే నేర్పిస్తే మళ్లీ మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంటి పనుల్లో ఒక్కటి పూర్తిగా ఇచ్చెయ్యండి. "సాయం చెయ్యండి" అని అడగొద్దు, సాయమైతే చెప్పే బాధ్యత మీదే అవుతుంది. అత్తయ్యగారి మందులు మీవారివి. ఆయన వృత్తే మందులు కదా. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం, తేవడం, క్యాంపుకి వెళ్లేటప్పుడు వారానికి సరిపడా పూటపూటకీ డబ్బాల్లో సర్ది వెళ్లడం, డాక్టరు తేదీ గుర్తుంచుకోవడం, మొత్తం. మొదటి నెలలో ఒకసారి మర్చిపోతారు. మీరు గుర్తుచెయ్యకుండా ఉండటం మీకు చాలా కష్టంగా ఉంటుంది, కానీ బీపీ మందు కాబట్టి తప్పిన పూట మాత్రం ఊరుకోకండి, ఆయనకే ఫోన్ చేసి ఆయన చేతే ఏర్పాటు చేయించండి. ఆయన చెల్లెలి ఫోన్లు కూడా వారంలో సగం ఆయనవే.

మెడ కంటే మనసే ఎక్కువ బిగుసుకుపోయి, రెండు వారాలు దాటినా ఏ పనీ చెయ్యబుద్ధి కాక, నిద్ర పట్టక, బతుకు మీద విసుగనిపిస్తే మర్దన కోసం చూస్తూ కూర్చోవద్దు. 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చివరగా అత్తయ్యగారి మాట. "మా రోజుల్లో మాకెవరు పట్టారమ్మా ఒళ్లు?" అన్నారని మీరు కొంచెం నొచ్చుకుని రాశారు. నాకా మాటలో దెప్పు కంటే దిగులు ఎక్కువ వినబడింది. మన ఇళ్లలో ఆడదాని ఒంటికి ఇంకొకరి చేత్తో నూనె పడే రోజులు లెక్కపెట్టినన్నే. చిన్నప్పుడు అమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోసిన నీళ్లు, పెళ్లికి పెట్టిన నలుగు, బాలింతగా ఉన్నప్పుడు నెలరోజుల స్నానాలు. మా ఊళ్లో బాలింతలకి స్నానాలు పోసే మామ్మ ఒకావిడ ఉండేది. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆముదం వెచ్చబెట్టి, నడుము దగ్గర రెండు బొటనవేళ్లూ పెట్టి నొక్కుతుంటే, ఆ పురిటి నెలంతట్లో నేను నిద్రపోయింది ఆ పీట మీదే. ఆ తర్వాత ఇంకొకరు ఆడదానికి తలంటు పోయరు. భోగికి, ఉగాదికి, దీపావళి ముందు నరక చతుర్దశికి ఇంటిల్లిపాదికీ ఆవిడే పోసి, చివర్లో మిగిలిన కుంకుడురసం తన నెత్తిన తనే పోసుకుంటుంది. మీ అత్తయ్యగారూ యాభై ఏళ్లు అలా పోసిన మనిషే. రెండేళ్లుగా అన్నీ చేయించుకోవడమే తప్ప ఎవరికీ ఏమీ చెయ్యలేక మంచం మీద ఉన్నారు.

ఆవిడ కుడి చెయ్యి బాగుందని రాశారు. వచ్చే ఆదివారం ఆవిణ్ని దిళ్లు ఆనించి కూర్చోబెట్టి, మీరు మంచం పక్కన కింద చాప వేసుకుని, ఆవిడ మోకాళ్లకి వీపు ఆనించి కూర్చోండి. "అత్తయ్యా, తల పగిలిపోతోంది, కాస్త మాడుకి నూనె పెట్టరూ" అనండి. ఒక్క చేత్తో జడ విప్పలేరు కాబట్టి విప్పుకునే కూర్చోండి. మొదట్లో నూనె చెవుల మీదికీ జాకెట్ మీదికీ కారుతుంది, పాత టవల్ కప్పుకోండి. తొందరగా లేచిపోకుండా ఆవిడ చాలన్నదాకా కూర్చోండి. నూనెగిన్నె ఆవిడ కుడి పక్కన, చేతికందేలా పెట్టండి.